కాలవ గట్టు మీద మూడున్నర అడుగులు

ఈ సంగతి ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా పూర్తిగా రాయలేదు. కాలవ గట్టు దారి మీద పాతబోయే రాతి స్తంభాల మధ్య మూడున్నర అడుగుల ఎడం చాలదని, ఆ డ్రాయింగు నా బల్ల మీదకు వచ్చిన రోజే నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి ఒక్క మనిషికి తెలుసు. ఎందుకు చెప్పలేదో ఆయనకు కూడా తెలియదు. అసూయ వల్ల. దానికి వేరే పేర్లు చాలా పెట్టి చూశాను, ఏదీ నిలబడలేదు.

నాకు ముప్పై అయిదేళ్లు. ఈ వయసులో రిటైరయ్యానంటే నవ్వుతారు. కాని నేను చేసిన పని ఇప్పుడు లేదు. ట్రేసింగు కాగితం మీద ఇంకు పెన్నుతో, చేత్తో, వీధుల పటాలు గీసేదాన్ని. తొంభైల మొదట్లో చేరాను. పదమూడేళ్ల తర్వాత ఆఫీసు మూతపడింది. చేత్తో గీసేవాళ్లు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. మా పిన్ని కూతురు శైలజ సివిల్ డిప్లొమా పూర్తిచేసి ఇదే పనిలోకి వెళ్తోంది. "అక్కా, కాలేజీలో చెప్పనివి ఏమన్నా ఉంటే చెప్పు" అంది. ఎదురుగా కూర్చుని చెప్పడం నాకు చేతకాదు. అందుకని రాస్తున్నాను.

సుద్ద గీతలు

మా ఆఫీసు ఎరువుల కొట్టు పైన రెండు గదులు. నడిపింది సూర్యారావు గారు. ఆయన ఇంజనీరుగా చేసి రిటైరై, చుట్టుపక్కల ఊళ్లకు రోడ్లు, కాలిబాటలు, మురుగు కాలవల పటాలు తయారుచేసి ఇచ్చేవారు. ఊరి పేరు రాయను. కోనసీమ వాళ్లు పోల్చుకుంటే పోల్చుకోనీ.

ఆయనకొక నియమం ఉండేది. ఏ వీధి పటం గీయాలన్నా ముందు మూడు రోజులు ఆ వీధిలో కూర్చోవాలి. సంత రోజొకటి, బడి ఉన్న రోజొకటి, వాన రోజొకటి. వాన కోసం ఒక్కోసారి నెల రోజులు ఆగేవాళ్లం. పని ఇచ్చినవాళ్లు విసుక్కునేవారు. ఆయన మాత్రం ఆకాశంలోకి చూసి, పడనివ్వండి అనేవారు.

రోడ్డుకు అడ్డంగా సుద్దముక్కతో అడుగుకొకటి చొప్పున గీతలు గీసేవాళ్లం. పక్కన కూర్చుని చూస్తే, వెళ్లే ప్రతి మనిషీ బండీ ఎన్ని గీతలు ఆక్రమిస్తోందో తెలిసిపోతుంది. అది నోటుపుస్తకంలో రాయాలి. ఉత్త "సైకిలు" అని రాస్తే సార్ ఒప్పుకునేవారు కాదు. దాని మీద ఏముందో రాయమనేవారు. గడ్డిమోపా, పాలక్యాన్లా, వెనక భార్యా ముందు పిల్లాడా. సైకిలుకు ఎక్కడా ఒకే వెడల్పు ఉండదని ఆయన నాకు మొదటి వారంలోనే నేర్పారు. ఈ మాట గుర్తుపెట్టుకో శైలజా, తర్వాత పనికొస్తుంది.

నాకు ఆ పని ఎంతో నచ్చింది. నాతో కొత్తవాళ్లు ఎవరైనా మాట్లాడితే నాలుక అంటుకుపోతుంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని గొడుగు కింద కూర్చుంటే మాత్రం ఎవరినైనా ఎంతసేపైనా చూడొచ్చు, ఎవరూ తప్పుపట్టరు.

మొదటి ఏడాదే ఒక తప్పు చేశాను. ఆసుపత్రి వీధికి కాలిబాట గీస్తూ, వానల్లో నీళ్లెక్కకూడదని దాన్ని అడుగున్నర ఎత్తు పెట్టాను. కట్టేశారు. నీళ్లెక్కలేదు, మనుషులూ ఎక్కలేదు. ముసలివాళ్లు, చీర కుచ్చిళ్లు పట్టుకున్న ఆడవాళ్లు, కట్టు కట్టించుకున్న రోగులు అందరూ కిందే, బస్సుల పక్కనే నడిచారు. సార్ నన్ను అక్కడికి తీసుకెళ్లి, కొళాయి దగ్గరున్న ఒకావిడను అడిగి నిండు బిందె నా చంకకెత్తించి, ఇప్పుడు ఎక్కమన్నారు. రెండుసార్లు జారాను. మూడోసారికి సగం నీళ్లు నా మీదే పోయాయి.

బిందె ఆవిడకు జాలేసింది. "ఆ అమ్మాయినెందుకండీ బాధపెడతారు, ఇది గీసినోణ్ణి తీసుకొచ్చి ఎక్కించండి" అంది.

"గీసింది ఈ అమ్మాయేనమ్మా" అన్నారు సార్.

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఖాళీ అయిన బిందె తీసుకుని మళ్లీ వరసలో నుంచుంది. సార్ నన్ను ఆ తర్వాత ఒక్క మాట అనలేదు. కాలిబాటను ఆరంగుళాలకు దింపించి, రెండు చివరలా వాలు పెట్టించారు. ఆయన తిట్టకపోవడం వల్లే ఆ పాఠం నాకు ఒంటబట్టింది.

ఇంకొకటి చెబుతాను. బజారు వీధిలో కాలిబాట కడితే కొట్లవాళ్లు దాని మీద బస్తాలు పేర్చేసేవారు. పోలీసుల్ని పెట్టిస్తే రెండు రోజులు తీసి మూడోరోజు మళ్లీ పెట్టేవారు. సార్ వెళ్లి ప్రతి కొట్టు ముందూ గోడ నుంచి రెండడుగులకు పసుపు గీత వేయించి, ఇంతవరకూ మీది, మిగతాది నడిచేవాళ్లది అని చెప్పి వచ్చారు. సగం మంది గీత లోపలే ఉన్నారు. మిగతా సగం లేరు. ఆ సగాన్ని కూడా గెలుపు కింద లెక్కవేసుకోవడం ఈ పనిలో నేర్చుకోవాలి. పటంలో గీసినట్టు ఏ వీధీ ఉండదు.

ఆరేళ్లు అలా నడిచింది. ఆఫీసులో నేనొక్కదాన్నే. సార్ చెప్పే పాత కథలన్నీ నాకే చెప్పేవారు. నాకు తిరిగి మాట్లాడటం రాకపోయినా వినడం వచ్చు. అది ఆయనకు చాలనుకున్నాను.

పక్క బల్ల

ప్రమీల విశాఖపట్నం నుంచి వచ్చింది. ఇంజనీరింగు చదివింది, కంప్యూటరు మీద పటాలు గీయగలదు. మా ఊళ్లో వాళ్ల పెద్దమ్మగారింట్లో ఉండేది. సార్ ఆమె కోసం కంప్యూటరు కొన్నారు. నా బల్లను కిటికీ దగ్గర్నుంచి జరిపి అక్కడ దాన్ని పెట్టారు, ఎండ పడకూడదని మళ్లీ తెర కూడా కట్టించారు. కిటికీ నాకు లేకుండా పోయింది, ఆమెకూ లేకుండా పోయింది.

నేను ఆయన్ని సార్ అనేదాన్ని. ఆమె మొదటి రోజే మాస్టారూ అంది. పంచాయతీ ప్రెసిడెంటుగారితో కుర్చీ లాక్కుని కూర్చుని మాట్లాడేది. టీ కొట్టాయన ఆమెకు అడక్కుండానే అల్లం ఎక్కువ వేసి పంపేవాడు. అదే కొట్టులో ఆరేళ్లు టీ తాగిన నాకు అల్లం పడదో పడుతుందో ఆయనకు తెలియదు.

నా డ్రాయరులో ఎప్పుడూ ఒక గ్రంథాలయం పుస్తకం ఉండేది. అన్నం తినేటప్పుడు చదువుకునేదాన్ని. ఆరేళ్లలో ఎవరూ కనిపెట్టలేదు. ఆమె మూడోరోజే కనిపెట్టింది. "ఈవిడవి ఇంకో రెండు నవలలున్నాయి నా దగ్గర, తెస్తాను" అంది. తెచ్చింది. ఒకటి ఒక్క రాత్రిలో చదివేశాను. మర్నాడు, టైము లేదు, చదవలేదు అని చెప్పి రెండూ తిరిగిచ్చేశాను. ఆమె ఇచ్చింది బాగుందని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

లెక్కపెట్టడం నాకు అలవాటైన విద్య కదా. ఆ రోజుల డైరీ తీసి చూస్తే ఇలా ఉంది: "ఇవాళ సార్ ప్రమీలా అని పదకొండుసార్లు పిలిచారు. నన్ను వరం అని రెండుసార్లు. అందులో ఒకటి మంచినీళ్ల కోసం." ఇంకో రోజు: "లంక కరకట్ట కథ ఆమెకు చెప్పారు. నాకు చెప్పినప్పటికంటే వివరంగా." నెలల తరబడి అలాగే ఉంది. ఆమె నాకు చేసిన కీడు ఒక్కటి కూడా ఆ డైరీల్లో లేదు. వెతికి చూశాను. ఉంటే బాగుండునని వెతికాను.

గట్టు

మా ఊరికి కాలవ అటు పక్క లారీల రోడ్డు. అంబాజీపేట వెళ్లే కొబ్బరి లారీలన్నీ దాని మీదే. ఇటు పక్క మట్టి గట్టు. నడిచేవాళ్లు, కాలేజీకి సైకిళ్ల మీద వెళ్లే ఆడపిల్లలు గట్టు మీదే వెళ్లేవారు. కొన్నాళ్లకు ఆటోలు కూడా గట్టెక్కడం మొదలుపెట్టాయి. రెండుసార్లు పిల్లలు కాలవలో పడ్డారు, దేవుడి దయవల్ల ఈత వచ్చినవాళ్లు. గట్టుకు రాయి పరిచి, చెట్లు నాటి, నడకకూ సైకిళ్లకూ మాత్రమే ఉంచాలని, రెండు చివరలా మధ్యలో వంతెన దగ్గరా ఆటోలు దూరకుండా స్తంభాలు పాతాలని ఊరి పెద్దలు అనుకున్నారు. పటం మాకు ఇచ్చారు.

లెక్కకు నేను కూర్చున్నాను. సంత రోజు పొద్దున్నే కొబ్బరికాయల సైకిళ్లు వచ్చాయి. నువ్వు చూసే ఉంటావు. సైకిలుకు రెండు పక్కలా కాయలు జోడీలు జోడీలుగా కట్టి వేలాడేస్తారు. దాన్ని తొక్కలేరు. మనిషి పక్కన నడుస్తూ ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో సీటు పట్టుకుని తోసుకుంటూ వెళ్తాడు.

మొదటి సైకిలు నా సుద్ద గీతల ముందు ఆగింది. మనిషికి నలభై దాటి ఉంటాయి, తలకు తువ్వాలు. ఆయన పేరు సత్తిబాబు అని తర్వాత తెలిసింది.

"ఏంటమ్మాయిగారూ, ఓటర్ల లిస్టాండీ? నా పేరు రెండుచోట్ల ఉందంట. ఒకటి కొట్టేయండి" అన్నారు.

నాకు నవ్వు వచ్చింది కాని మాట రాలేదు. ఎన్ని కాయలండీ అని మాత్రం అడిగాను.

"నూట యాభై అని మా ఆవిడతో చెప్తానండి. మీరు నూట ఇరవై రాసుకోండి."

గీతల మీంచి వెళ్లారు. వెనక నుంచి ఎవరో బెల్లు కొట్టేసరికి నేను అటు చూసి సరిగ్గా లెక్కపెట్టలేకపోయాను. నా మొహం చూసి ఆయనే అర్థంచేసుకున్నారు. అంత బరువుతో సైకిలును వెనక్కి తిప్పుకొచ్చి, మళ్లీ గీతల మీంచి మెల్లిగా నడిచారు. "వచ్చిందాండీ?" అని అడిగారు. వచ్చిందని తల ఊపాను. మనిషితో కలిపి అయిదు గీతలు. ఆ ఒక్క పొద్దున్న అలాంటివి చాలా వెళ్లాయి. ఏదీ నాలుగున్నరకు తగ్గలేదు. అన్నీ రాశాను.

అడిగినంతవరకే

అదే వారం సార్ కంటి ఆపరేషనుకు కాకినాడ వెళ్లారు. మూడు వారాలు రావద్దన్నారట డాక్టర్లు. ఆఫీసు ప్రమీలకు అప్పగించారు. నాకు కాదు. ఆ రోజు డైరీలో ఏమీ రాయలేదు. పేజీ ఖాళీగా ఉంది.

పెద్దలు తొందరపెట్టారు. ప్రమీల నన్ను లెక్క అడిగింది. నోటుపుస్తకం ఇవ్వడం మా పద్ధతి. నేను పుస్తకం ఇవ్వలేదు. శుభ్రంగా ఒక కాగితం మీద ఎత్తి రాసి ఇచ్చాను. అందులో సైకిళ్లన్నిటికీ కలిపి ఒకే వరస. వాటి మీద ఏమున్నాయో రాయలేదు.

ఆమె కాగితం చూసి, సైకిలు హ్యాండిలు వెడల్పెంత అని అడిగింది. రెండడుగులన్నాను. ఆటో ఎంత అంది. నాలుగు పైన అన్నాను. రెండూ నిజాలే.

"అయితే స్తంభానికీ స్తంభానికీ మధ్య మూడున్నర పెడితే ఆటో ఆగిపోతుంది, సైకిలు హాయిగా వెళ్తుంది. అంతేగా వరం?" అంది.

నేను పెన్నులో ఇంకు నింపుకుంటున్నాను. తలెత్తకుండా ఊఁ అన్నాను.

పల్లెటూళ్లో ఇన్ని నెలలున్నా ఆమె సంత రోజు పొద్దున్నే ఎప్పుడూ గట్టు మీదకు వెళ్లలేదు. కొబ్బరి సైకిలు ఆమెకు దూరం నుంచి చూసే వింత. అందుకే ఆమెకు తట్టలేదు. నాకు తట్టకపోవడానికి కారణం లేదు. పైగా, కంప్యూటరు అక్షరాలకంటే నీ చేతి అక్షరాలు బాగుంటాయి, పెద్దలకిచ్చే కాపీ నువ్వే రాయి అంది. పొగిడిందని కూడా కోపం వచ్చింది. మూడున్నర అడుగులు అని ఆ పటం మీద రాసింది నా చెయ్యే.

నేను కోరుకున్నదేమిటో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. స్తంభాలు పాతుతారు. కాయలవాళ్లు వచ్చి గొడవచేస్తారు. సార్ వచ్చి, వరం లెక్క చూడకుండా గీశావా అని ప్రమీలను అడుగుతారు. ఆయన గొంతులో ఆ విసుగు ఒక్కసారి వినాలి. అంతే. అంతకుమించి ఏమీ జరుగుతుందనుకోలేదు.

గొడవ చేయనివాళ్లు

స్తంభాలు పాతారు. మొదటి రోజు కాలేజీ పిల్లలు బెల్లులు కొట్టుకుంటూ వాటి మధ్య నుంచి జుయ్యిమని వెళ్లారు. ఆటోలు ఆగిపోయాయి. ఊళ్లోవాళ్లు ప్రమీలకు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

సంత రోజు నేను వంతెన దగ్గరకు వెళ్లి నుంచున్నాను, గొడవ చూద్దామని. కాయలవాళ్లు వచ్చారు. స్తంభాల ముందు ఆగారు. ఒకాయన సైకిలును ఏటవాలుగా పెట్టి చూశాడు, కాయలు రాయికి కొట్టుకున్నాయి. కాసేపు వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. తర్వాత ఒక్కొక్కళ్లే సైకిళ్లు తిప్పుకుని, వంతెన దాటి లారీల రోడ్డెక్కారు. ఎవరినీ ఏమీ అనలేదు. పెద్దవాళ్లు కట్టించారంటే అలాగే ఉండాలి కాబోలనుకున్నారు.

శైలజా, మన పనిలో దీనికంటే ముఖ్యమైన సంగతి నాకు తెలియదు. తప్పు గీస్తే గొడవ వస్తుందని, గొడవ రాకపోతే తప్పు లేదని అనుకుంటాం. దారి పోగొట్టుకున్నవాళ్లు మన ఆఫీసుకు రారు. ఇంకో దారి చూసుకుంటారు. ఆ దారి ఎలాంటిదో మనకు తెలియదు.

నాకు మాత్రం తెలుసు. అప్పటికైనా పరిగెత్తుకెళ్లి ప్రమీలకు చెప్పొచ్చు, పది నిమిషాల నడక. సార్ సోమవారం వస్తున్నారు. అప్పుడే తేలనీ అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర విన్నాను. రోడ్డు మీద వెనక నుంచి వచ్చిన లారీ అంచు కాయల కట్టకు తగిలి సైకిలు తిరగబడిందట. మనిషి బతికాడు, కుడి మోకాలు నుజ్జయింది. ఎవరని అడిగే ధైర్యం నాకు లేదు. టీ కొట్టాయనే చెప్పాడు, ఓటర్ల లిస్టు జోకులేస్తాడు, ఆ సత్తిబాబు అని.

నల్ల కళ్లద్దాలు

సోమవారం సార్ బస్సు దిగి ఇంటికి వెళ్లకుండా తిన్నగా గట్టు మీదకు వెళ్లారు. కళ్లకు నల్ల అద్దాలు. మమ్మల్నిద్దర్నీ పిలిపించారు. స్తంభాల మధ్య రెండు చేతులూ చాపి నుంచుని ఉన్నారు.

"లెక్కలో కాయల సైకిళ్లు లేవా?" అని అడిగారు.

నేను మూడు వారాలు ఎదురుచూసిన ప్రశ్న అదే. ఆయన గొంతులో విసుగు లేదు. అలసట ఉంది.

ప్రమీల చీర కొంగు చేతికి చుట్టుకుంటూ, "నేను సరిగ్గా అడగలేదు మాస్టారూ. సంత రోజు వచ్చి చూడాల్సింది, చూడలేదు. తప్పు నాది" అంది.

ఆయన నా వైపు తిరిగారు. అద్దాల వెనక కళ్లు కనిపించలేదు. నేను స్తంభం మొదట్లో పోసిన సిమెంటు చూస్తూ నుంచున్నాను. అది ఇంకా పూర్తిగా ఆరలేదు.

ఆ వారంలోనే స్తంభాలు పీకించేశారు. కాయల సైకిలు పట్టేంత సందు ఉంచితే ఆటో కూడా పడుతుంది. రాయితో ఆ రెండిటినీ వేరుచేయడం కుదరదని ఆయన అన్నారు. ఆటో స్టాండుకు వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. రోడ్డు పక్కన కూర్చున్నట్టే, మూడు రోజులు. కాలేజీ మొదలయ్యే వేళా వదిలే వేళా, సంత రోజు పూర్తిగా, గట్టు మీదకు రామనేలా ఆటోవాళ్లను ఒప్పించారు. ఎక్కువమంది మాట మీద నిలబడ్డారు. ఆ పని ఏ పటంలోనూ లేదు.

ఏడాది తిరక్కుండా ప్రమీల హైదరాబాదు వెళ్లిపోయింది. సార్ ఆమె గురించి మంచి ఉత్తరం రాసిచ్చారు. నా బల్ల మళ్లీ కిటికీ దగ్గరకు వచ్చింది. సార్ మాత్రం, ప్రమీల ఉంటే ఇది ఇలా చేసేది అంటూ ఉండేవారు. ఆమె వెళ్లాక కూడా నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఆయన పోయేదాకా నేను ఆయనకు నిజం చెప్పలేదు. చెప్పాలని వెళ్లి, మందుల సీసాలు సర్ది వచ్చేసేదాన్ని.

అంబాజీపేట

ఆఫీసు మూతపడిన కొన్నాళ్లకు సత్తిబాబు గారి కోసం వెతుక్కుంటూ అంబాజీపేట వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని బట్టీపట్టాను కూడా.

ఒక కొబ్బరి కొట్టు వెనక చావిట్లో కూర్చుని ఉన్నారు. కుడికాలు ముందుకు చాపి ఉంది, అది మడవదు. ముందు ఎండుకాయల గుట్ట. ఒక్కో కాయ చెవి దగ్గర ఊపి, లోపల ఎండిన కొబ్బరి గుడ్డు గలగలమంటే ఒక పక్కకు, అనకపోతే ఇంకో పక్కకు వేస్తున్నారు. నన్ను గుర్తుపట్టారు. ఎవరినో కేకేసి నాకు స్టూలు తెప్పించి, బొండం కొట్టించారు.

కాలు ఎలా ఉందని అడిగాను. "మడవదు గానండి, ఒళ్లొంచే పని తప్పిందండి" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

నేను బట్టీపట్టింది మొదలుపెట్టబోతుంటే ఆయనే అన్నారు. ప్రమీల ఆసుపత్రికి వచ్చిందట. మంచం పక్కన కూర్చుని తప్పు నాదని ఏడ్చిందట. ఇప్పటికీ పెద్దమ్మగారింటికి వచ్చినప్పుడల్లా వచ్చి పలకరించి వెళ్తుందట. "అంత చదువుకున్నావిడ నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంటే నాకే గాభరా పుట్టిందండి. ఎవరొస్తారండి అలాగ" అన్నారు.

అప్పుడు నాలో ఏం జరిగిందో రాయడానికే ఇంత రాశాను. సిగ్గుపడాలి. సిగ్గుకంటే ముందు అసూయ వచ్చింది. ఇక్కడికి కూడా ఆమె నాకంటే ముందే వచ్చింది. నేను చేసిన తప్పును తనదని చెప్పి, అందుకు ఈయన దగ్గర మంచి పేరు కూడా తెచ్చుకుంది. నాదైనది ఆ తప్పొక్కటే, అదీ తీసుకుపోయింది. ఆ స్టూలు మీద కూర్చుని, బొండం చేత్తో పట్టుకుని, నేను అనుకున్నది ఇదే.

ఆ తప్పును వెనక్కి తీసుకోవాలన్నట్టు, "మీరు ఆ రోజు నా లెక్కలో ఉన్నారు. అయిదడుగులు. పుస్తకంలో రాశాను" అన్నాను.

ఆయన చేతిలో కాయ చెవి దగ్గరే ఆగింది. "ఆయ్, రాసేరండి. నేను రెండుసార్లు నడిచేను కదండీ" అన్నారు. కాయ కిందికి దించి, "మరి ఆ పుస్తకం ఆవిడకి చూపించలేదాండీ?" అన్నారు.

లేదని తల అడ్డంగా ఊపాను.

"మర్చిపోయేరా?"

దానికీ తల అడ్డంగానే ఊపాను. బట్టీపట్టినది ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు. ఎందుకని ఆయన అడుగుతారేమోనని చూశాను. అడగలేదు. చాలాసేపు నా మొహంలోకి చూశారు, కోపంగా కాదు. తర్వాత కళ్లు దించుకుని కాయను ఊపారు. అది పలకలేదు. పక్కకు పెట్టారు. నేను లేచి, బొండం గోడవారగా పెట్టి, వెళ్లొస్తానన్నాను. ఆ తర్వాత ఆయన్ని కలవలేదు. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది, ఎప్పటి మర్యాదతోనే.

"చెప్పాల్సిందండమ్మా."